డాక్టరు మార్టిన్ లూథరు: ఇంటింటికి వ్రాసిన చిన్న పుస్తకము

లూథరన్ విశ్వాసమును గూర్చి తెలిసికొనుటకు ఏ పుస్తకములు చదువవలెనని సంఘస్థులు మమ్మును తరచుగా అడుగుచుందురు. కన్ఫర్మేషను తరగతి ముగించిన యౌవనస్థులు అడుగుదురు. వేరొక సంఘమునుండి మన ఇండ్లకు కోడండ్రుగా వచ్చినవారు అడుగుదురు. ఎవరో బోధకులు ఊరిలోనికి వచ్చి పసిపిల్లల బాప్తిస్మము చెల్లదని చెప్పిపోయిన మరునాడు సంఘ పెద్దలు అడుగుదురు. ఒక పట్టిక వ్రాసి చేతికిచ్చుట సులభమే. గాని జర్మనీలో అచ్చయిన లూథరు గ్రంథముల పెద్ద కూర్పు నూరు సంపుటములకు పైబడినది. ఇంగ్లీషు కూర్పు మొదట 55 సంపుటములుగా వెలువడి, తరువాత ఇంకను పెరిగినది. పగలంతయు పనిచేసి రాత్రి దీపము దగ్గర కూర్చుండు విశ్వాసి ఇందులో ఎక్కడ చేయి పెట్టవలెను? అందుచేత ఈ శతవార్షిక సంచికలో పట్టికకు బదులుగా ఆయన జీవితమునే చెప్పదలచితిమి. ఏ పుస్తకము ఏ అవసరమున పుట్టినదో తెలిసినయెడల, దేనిని ముందు చదువవలెనో, దేనిని జాగ్రత్తగా చదువవలెనో గ్రహించుట కష్టము కాదు.

లూథరు 1483 నవంబరు 10వ తేదీన జర్మనీ దేశమందలి ఐస్లెబెన్ పట్టణములో జన్మించెను. మరునాడు పరిశుద్ధ మార్టిన్ పండుగ గనుక ఆ పేరే పెట్టి బాప్తిస్మమిచ్చిరి. తండ్రి హాన్స్ రైతు కుటుంబమున పుట్టి, రాగి గనుల పనిలో ప్రవేశించి, మాన్స్‌ఫెల్డ్‌లో రాగి కొలుములు నడుపు స్థితికి వచ్చినవాడు. కుమారుడు న్యాయశాస్త్రము చదివి కుటుంబమును నిలువబెట్టవలెనని ఆయన ఆశ. ఇట్టి ఆశ మన ఇండ్లలోను ఎరుగనిది కాదు. 1501లో ఎర్ఫర్ట్ విశ్వవిద్యాలయములో చేరిన మార్టిన్ 1505లో ఎం.ఏ. పట్టము పొంది న్యాయశాస్త్రము ఆరంభించెను. ఆ యేడు జూలై 2న ఇంటినుండి తిరిగివచ్చుచుండగా స్టాటర్న్‌హైమ్ గ్రామము దగ్గర గాలివానలో పిడుగు ఆయన దాపున పడెను. ప్రాణభయముతో పరిశుద్ధ అన్నమ్మకు మ్రొక్కుకొని, బ్రదికినయెడల సన్యాసినగుదునని మాట ఇచ్చెను. రెండు వారములైన తరువాత ఎర్ఫర్ట్‌లోని అగస్టీనియన్ మఠము తలుపు తట్టెను. తండ్రి కోపము చాలా కాలము చల్లారలేదు.

మఠములో ఆయన ఉపవాసములకు, జాగరణములకు లోటు చేయలేదు. 1507లో గురువుగా అభిషేకము పొందెను. అయినను దేవుని నీతి అను మాట వినినప్పుడెల్ల భయపడెను. గంటలకొలది పాపములు ఒప్పుకొని వచ్చిన తరువాత మరచిపోయిన పాపము జ్ఞాపకము వచ్చి మరల పోయెడివాడు. ఆయన పై అధికారి స్టౌపిట్స్ ఈ యువకుని బాధ చూచి, బైబిలు బోధించు పనికి పెట్టెను. రోగికి మందు దొరికినది అక్కడనే. 1512లో విట్టెన్‌బర్గులో వేదాంత పండితుడై, కీర్తనలను, తరువాత రోమా పత్రికను తరగతిలో బోధించెను. రోమా మొదటి అధ్యాయము 17వ వచనములోని దేవుని నీతి మనలను శిక్షించుటకు ఎత్తిన కత్తి కాదనియు, క్రీస్తును నమ్మినవానికి దేవుడు ఉచితముగా తొడుగు వస్త్రమనియు ఆయనకు తెలియవచ్చెను. మన విశ్వాసమంతయు ఆ ఒక్క గ్రహింపు మీద నిలిచియున్నది. 1522లో రోమా పత్రికకు ఆయన వ్రాసిన ముందుమాటలో ఇది విపులముగా నున్నది. 1738 మే 24న లండనులో ఒక కూటములో ఆ ముందుమాట చదువబడుచుండగా విని జాన్ వెస్లీ హృదయము మార్పు చెందినదన్న సంగతి అందరును ఎరిగినదే. రోమా పత్రిక ధ్యానించు బైబిలు తరగతులవారు దానిని ముందుగా చదువుట మేలు.

1517 అక్టోబరు 31నాటి తొంబదియైదు వాదములను గూర్చి ఎక్కువ వ్రాయము. ప్రతి రిఫర్మేషను ఆదివారమున వినుచునే యున్నాము. టెట్జెల్ అను బోధకుడు పాపపరిహార పత్రములు అమ్ముచుండగా, ఆ అమ్మకము పశ్చాత్తాపమును చంపునని లూథరు లాటిను భాషలో పండితుల చర్చకు పెట్టిన వాదములవి. లూథరన్ విశ్వాసము నేర్చుకొన గోరువారు చాలమంది ముందుగా వాటినే అడుగుదురు. మా అభిప్రాయములో అవి మొదటి పుస్తకము కావు. అప్పటికి ఆయన పోపును విడువలేదు, పర్గేటరీ అను శోధన స్థలమును కాదనలేదు. ఆయన ఆలోచన సగము దారిలో ఉన్నది. చరిత్ర తెలిసికొనుటకు చదువవచ్చును గాని విశ్వాసము నేర్చుకొనుటకు కాదు.

1520లో వ్రాసిన క్రైస్తవుని స్వాతంత్ర్యము అను చిన్న గ్రంథము వేరు. రోమాతో తగవు ముదిరి, బహిష్కార పత్రము సిద్ధమైన దినములవి. అట్టి వేళ పోపు పదవ లియోకు ఒక లేఖతో కూడ ఈ పుస్తకమును పంపెను. ఇందులో తిట్లు లేవు. దేవుని యెదుట నిలుచుటకు మనము సంపాదించుకొనవలసినది ఏమియు మిగులలేదు గనుక, మన చేతులు ఖాళీ అయి పొరుగువాని పనికి దొరికినవని దాని సారాంశము. మోక్షము కొరకు క్రియలు చేయువాడు పొరుగువానిని మెట్టుగా వాడుకొనును. మోక్షము ముందే పొందినవాడు అతనిని మనిషిగా చూచును. విశ్వాసము మాత్రమే చాలునన్నయెడల సత్క్రియలు మూలబడవా అని అడుగువారికి ఇంతకంటె మంచి జవాబు మాకు తెలియదు. ఇంగ్లీషు చదువగల పిల్లలున్న ఇంటిలో వారు చదివి పెద్దలకు తెలుగులో చెప్పదగిన పుస్తకమిది. నాలుగైదు సాయంకాలములు చాలును.

ఆ డిసెంబరు 10న బహిష్కార పత్రమును విట్టెన్‌బర్గు ప్రాకారము వెలుపల కాల్చివేసెను. 1521 ఏప్రిలులో వర్మ్స్ పట్టణమున చక్రవర్తి ఐదవ ఛార్లెసు యెదుట నిలిచి, లేఖనము చేతను స్పష్టమైన యుక్తి చేతను ఒప్పింపబడనిదే తన వ్రాతలను త్రోసివేయనని చెప్పెను. తిరిగి పోవు దారిలో సాక్సనీ ఏలిక ఫ్రెడరిక్ మనుష్యులు ఆయనను ఎత్తుకొనిపోయి వార్ట్‌బుర్గ్ కోటలో దాచిరి. అక్కడ మారుపేరుతో, గడ్డము పెంచుకొని ఉండి, ఇంచుమించు పదకొండు వారములలో క్రొత్త నిబంధనను జర్మను భాషలోనికి త్రిప్పెను. ఇంటిలో తల్లి, వీధిలో పిల్లవాడు, అంగడిలో సామాన్యుడు ఎట్లు మాటలాడుదురో విని అట్లే తర్జుమా చేయవలెనని ఆయన నియమము. అది 1522 సెప్టెంబరులో వెలువడెను. సంపూర్ణ బైబిలు 1534లో వచ్చెను.

1525వ సంవత్సరమును మేము తేలికగా దాటలేము. రైతులు భూస్వాముల బాధ పడలేక లేచిరి. మొదట లూథరు ప్రభువులనే గద్దించెను. ఈ కలత వారి దోపిడి ఫలమేయని వ్రాసెను. తిరుగుబాటు హింసకు దిగగానే, తిరుగబడినవారిని కరుణ లేక హతమార్చుడని ప్రభువులను ప్రేరేపించు కరపత్రము వ్రాసెను. మే 15న ఫ్రాంకెన్‌హౌసెన్ దగ్గర రైతులు వేలకొలది చంపబడిరి. కూలినాలి చేసికొని బ్రదుకు పల్లెలనుండి లేచిన సంఘములు మనవి. ఆ కరపత్రము చదువునప్పుడు మన కడుపు మండుట న్యాయమే. రాజ్యములో క్రమము ఉండవలెనను ఆయన బోధ గొప్పదే గాని, ఆ బోధతో ఈ వ్రాతను సమర్థింపజూచువారితో మేము ఏకీభవింపము. ఆ జూన్ 13ననే, మఠము విడిచివచ్చిన కేథరీన్ ఫాన్ బోరాను వివాహమాడెను. ఆరుగురు పిల్లలు పుట్టిరి. ఒకప్పటి మఠము ఒక ఇల్లాయెను. అందులో చుట్టములు, విద్యార్థులు, అనాథలు, అప్పులు. పశువులను, తోటను, పద్దులను చూచుకొన్నది కేథరీనమ్మయే.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చుచున్నాము. 1528 అక్టోబరు చివర ఏలిక ఆజ్ఞ ప్రకారము లూథరు తోటివారితో కలిసి సాక్సనీ గ్రామ సంఘములను దర్శించుటకు బయలుదేరెను. సంస్కరణ ఆరంభమై పదకొండేండ్లు గడిచినవి. పట్టణములలో పుస్తకములు వరదవలె అచ్చగుచున్నవి. గ్రామములలో ఆయన చూచినది వేరు. అందరును బాప్తిస్మము పొందినవారే. అందరును ప్రభు భోజనమునకు వచ్చువారే. గాని ప్రభువు నేర్పిన ప్రార్థన రాదు, విశ్వాస ప్రమాణము రాదు, పది ఆజ్ఞలు రావు. ఎందరో గురువులకే బోధించు శక్తి లేదు. దొరికిన స్వాతంత్ర్యమును మాత్రము ఇష్టము వచ్చినట్లు వాడుకొనుట నేర్చిరి. ఆయన దుఃఖమంతయు చిన్న ప్రశ్నోత్తరికి వ్రాసిన ముందుమాటలో కనబడును. చక్రవర్తికి జంకనివాడు పల్లెలోని అజ్ఞానము చూచి కలతపడెను.

అప్పటికే ఆ సంవత్సరమందు, పట్టణ గురువైన బుగెన్‌హాగెన్ ఊరిలో లేనప్పుడు, లూథరు మూడు మారులు ఈ మూలపాఠముల మీద వరుసగా ప్రసంగించియుండెను. ఆ ప్రసంగములనుండి పెద్ద ప్రశ్నోత్తరి పుట్టెను. అది 1529 ఏప్రిలులో వెలువడెను. చిన్నది మరియొక విధముగా వచ్చెను. జనవరిలో ముందుగా పెద్ద కాగితముల మీద అచ్చువేసిరి. గోడకు తగిలించుకొను కాగితములవి! వంటయింటిలోనో వసారాలోనో తగిలించి, అటు ఇటు తిరుగువారు చూచి నేర్చుకొనుటకు. మే నెలలో పుస్తకముగా కూర్చిరి. అప్పటికి ఆయన వయస్సు 45. మాకును ఇంచుమించు అంతే. ఆ నెలలోనే ఆయన ఇంట మగ్దలీన అను కుమార్తె పుట్టెను. పెద్దవాడు హాన్స్‌కు ఇంకను మూడేండ్లు నిండలేదు. అంతకు ముందటి యేడు ఆగస్టులో ఎలిజబెతు అను పసిబిడ్డను పాతిపెట్టియుండిరి. ఈ పుస్తకము పాఠశాల బల్లమీద కాక, పిల్లలు ఏడ్చుచున్న ఇంటిలో తయారైనదని మేము నమ్ముటకు ఇదియే కారణము.

పుస్తకము తీసి చూడుడు. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణము, ప్రభువు నేర్పిన ప్రార్థన, బాప్తిస్మము, పాపపు ఒప్పుకోలు, ప్రభు రాత్రి భోజనము. తరువాత ఉదయ సాయంకాల ప్రార్థనలు, భోజనమునకు ముందు వెనుక చేయు ప్రార్థనలు, గురువులు మొదలు పనివారి వరకు ఎవరి విధులు వారికి చెప్పు వాక్యములు. ప్రతి భాగమునకు పైన ఇంటి యజమానుడు తన ఇంటివారికి దీనిని సులభముగా నేర్పవలసిన విధమని శీర్షిక యున్నది. గురువు పేరు గాని తరగతి పేరు గాని అక్కడ లేదు. ఆజ్ఞల వివరణ చూడుడు. చంపవద్దను ఆజ్ఞ క్రింద చంపకుండుటతో ఆగక, పొరుగువాని శరీరమునకు కలుగు ప్రతి అవసరమున సహాయపడవలెననును. దొంగిలవద్దను ఆజ్ఞ క్రింద పొరుగువాని ఆస్తి, జీవనోపాధి వృద్ధిపొందునట్లు తోడ్పడవలెననును. విశ్వాస ప్రమాణపు మొదటి భాగములో సృష్టి యన్నప్పుడు ఆకాశ నక్షత్రముల పేరెత్తక, మన కన్నులు, చెవులు, బట్టలు, చెప్పులు, అన్నపానములు, ఇల్లు, భార్యాబిడ్డలు, పొలము, పశువులు అని లెక్కించుచు పోవును. రైతుకు ఇంతకంటె అర్థమగు వేదాంతము ఏది?

అయితే మన దగ్గర ఏమి జరిగినది? ఇది కన్ఫర్మేషను పరీక్షకు కంఠస్థము చేయు పుస్తకమై, పరీక్ష ముగిసిన మరునాడు పెట్టె అడుగునకు చేరుచున్నది. ఆదివారమున ప్రశ్నకు తడువుకొనక జవాబు చెప్పిన పిల్ల, మూడేండ్లు గడువక ఆ పుస్తకము ఎక్కడనున్నదో ఎరుగదు. తండ్రి దానిని ఎన్నడును చేతబట్టియుండడు. లూథరు అట్లు తలంచలేదు. తాను పండితుడనై యుండియు ప్రతి ఉదయము చిన్నపిల్లవానివలె ఆజ్ఞలను, ప్రమాణమును, ప్రభువు ప్రార్థనను, కొన్ని కీర్తనలను వల్లించుచున్నానని, ఇంకను వాటి విద్యార్థిగానే ఉన్నానని పెద్ద ప్రశ్నోత్తరికి 1530లో చేర్చిన ముందుమాటలో వ్రాసెను. లూథరన్ పుస్తకములలో మొదట ఏదియని అడుగువారికి మా జవాబు ఇదే: ఇంటిలో ఉన్న చిన్న ప్రశ్నోత్తరిని పెట్టెలోనుండి తీయుడు. భోజనమునకు ముందు ఒక్క ఆజ్ఞ, దాని అర్థము. అంతే.

దాని తరువాత పెద్ద ప్రశ్నోత్తరి. పసిపిల్లల బాప్తిస్మమును గూర్చి అడిగిన పెద్దలకు కావలసిన జవాబు అందులో బాప్తిస్మ భాగమున దొరకును. బాప్తిస్మము మన విశ్వాసపు బలము మీద కాక దేవుని వాక్యము మీద నిలుచునని, బంగారమును అయోగ్యుడు ధరించినంత మాత్రమున అది బంగారము కాకపోదని ఆయన తర్కము.

ఈ చిన్న పుస్తకము మన భాషలోనికి వచ్చిన దారి కూడ చెప్పుదుము. జర్మనీలోని హాలె పట్టణపు లూథరన్ విద్యాసంస్థలు మిషనెరీలను తయారుచేసి తరంగంబాడికి పంపెను. అట్లు 1719లో వచ్చిన బెంజమిన్ షుల్జ్ తరువాత మద్రాసుకు మారి, అక్కడ తెలుగువారి మధ్య తెలుగు నేర్చి, బైబిలును తెనిగించెను. ఆ తర్జుమా అచ్చుకు నోచుకొనలేదు. ఆయన 1743లో స్వదేశమునకు తిరిగిపోయిన తరువాత, లూథరు చిన్న ప్రశ్నోత్తరి తెలుగులో 1746లో హాలెలో అచ్చయ్యెను. తెలుగు అక్షరములతో అచ్చయిన తొలి పుస్తకములలో అది యొకటి. ఫాదర్ హయ్యర్ గారు 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టుటకు దాదాపు నూరేండ్ల ముందే, మన లిపిలో ఈ పుస్తకము ఉన్నది. తెలుగు సాహిత్య చరిత్ర చదువు మన యౌవనస్థులు ఈ సంగతి తోటివారికి ధైర్యముగా చెప్పవచ్చును.

1530లో చక్రవర్తి ఆగ్స్‌బర్గులో సభ కూర్చినప్పుడు, నిషేధములోనున్న లూథరు అక్కడికి పోజాలక కోబుర్గ్ కోటలో ఉండిపోయెను. ఫిలిప్ మెలాంక్‌తన్ కూర్చిన విశ్వాసపు ఒప్పుకోలు జూన్ 25న సభలో చదువబడెను. ఇది లూథరు చేతివ్రాత కాకపోయినను, మన సంఘము ఏమి నమ్మునో ఇతరులకు చెప్పవలసినప్పుడు చూపవలసిన పత్రమిదే. ముందు నాలుగవ అధికరణము, తరువాత ఆరవది, ఏడవది చదివి, మిగిలినవి నెమ్మదిగా చదువవచ్చును. చర్చి కమిటీ సభ్యులు తప్పక చదువవలెను. ఇది మా మనవి.

ప్రార్థన నేర్చుకొనగోరువారికి మరియొక చిన్న పుస్తకమున్నది. విట్టెన్‌బర్గులో లూథరుకు క్షౌరము చేయు పీటరు అనునతడు ఎట్లు ప్రార్థింపవలెనని అడుగగా, 1535లో అతని కొరకే ఒక గ్రంథము వ్రాసి అచ్చువేయించెను. చిన్న ప్రశ్నోత్తరిలోని భాగములనే తీసికొని, ఒక్కొక్క మాటను బోధగా, స్తోత్రముగా, పాపపు ఒప్పుకోలుగా, విన్నపముగా నాలుగు పురుల దండ అల్లునట్లు చెప్పెను. మంగలి చేతిలో కత్తి యున్నప్పుడు మనస్సు కత్తిమీదనే యుండవలెను గదా, ప్రార్థనయు అంతేయని అతని పనినుండే ఉపమానము తీసెను. ఆ పుస్తకము వెలువడిన కొలదికాలమునకే, ఈస్టరు ముందటి శనివారమున, త్రాగిన మైకములో పీటరు తన అల్లుని కత్తితో పొడిచి చంపెను. లూథరు అతని పక్షమున మాటలాడెను. మరణశిక్ష తప్పి, ఆస్తి పోయి, దేశబహిష్కారమాయెను. పుస్తకములో పీటరు పేరు అట్లే ఉన్నది. సిగ్గుపడి ఎవరును దానిని తుడిచివేయలేదు. ఆ పేరు అక్కడ ఉండుట మాకు ఇష్టము.

1537లో స్ట్రాస్‌బర్గువారు లూథరు గ్రంథములన్నిటిని ఒక్క కూర్పుగా అచ్చువేయ తలంచిరి. ఆయన జూలై 9న కాపిటో అను మిత్రునికి ప్రత్యుత్తరము వ్రాయుచు, ఆ పని మీద తనకు ఆసక్తి లేదనియు, పురాణకథలో తన పిల్లలనే మ్రింగిన దేవతవలె తన పుస్తకములన్నిటిని మ్రింగివేయుట మేలనియు, తనవి అని ఒప్పుకొనదగినవి రెండే ఉన్నవనియు తెలియజేసెను. ఒకటి ప్రశ్నోత్తరి. రెండవది 1525లో ఎరాస్ముస్‌కు జవాబుగా వ్రాసిన చిత్తపు దాస్యమను గ్రంథము. రెండవది కఠినమైన పుస్తకము. వేదాంత విద్యార్థులు గురువుతో కూర్చుండి చదువవలసినది. మన సంఘస్థులకు మొదటిది చాలును. పట్టిక అడిగినవారికి, ఇంత పొట్టి పట్టికను లూథరు తానే వ్రాసి ఇచ్చెనని జ్ఞాపకము చేయుచున్నాము.

చదువవలసినవి చెప్పిన తరువాత, ఏ విధముగాను అనుసరింపరానిది కూడ చెప్పవలెను. 1543లో యూదులకు విరోధముగా ఆయన వ్రాసిన పుస్తకములో వారి సమాజమందిరములను కాల్చుడని, ఇండ్లను కూల్చుడని సలహా ఇచ్చెను. నాలుగు శతాబ్దముల తరువాత హిట్లరు మనుష్యులు ఆ వ్రాతలను ఎత్తి చూపిరి. 1984లో బుడాపెస్ట్‌లో కూడిన లూథరన్ ప్రపంచ సమాఖ్య మహాసభ ఆ వ్రాతలను త్రోసిపుచ్చెను. వృద్ధాప్యము, రోగము, విసుగు అని కారణములు చెప్పువారున్నారు. మేము చెప్పము. ఎనిమిదవ ఆజ్ఞ క్రింద పొరుగువానిని గూర్చి మంచి మాట పలుకవలెనని పిల్లలకు నేర్పిన చేయియే దానిని వ్రాసినది. ఆయన చిన్న పుస్తకముతోనే ఆ పెద్ద తప్పును కొలువవచ్చును.

దానికి ముందటి యేడు, 1542 సెప్టెంబరు 20న, ప్రశ్నోత్తరితో పాటు పుట్టిన మగ్దలీన పదమూడవ యేట మరణించెను. ఇక్కడి తండ్రి దగ్గర ఉందువా, అక్కడి తండ్రి దగ్గరకు పోవుదువా అని లూథరు ఆమెను అడుగగా, దేవుని చిత్తప్రకారమే కానిమ్మని ఆ పిల్ల జవాబిచ్చెను. తండ్రి చేతులలోనే ప్రాణము విడిచెను. పునరుత్థానమును గూర్చి అంత ప్రసంగించినవాడు మోకాళ్లూని ఏడ్చెను.

1546 జనవరిలో మాన్స్‌ఫెల్డ్ ప్రభువుల మధ్య ఆస్తి తగవు తీర్చుటకు, రోగియై యుండియు, చలిలో ఐస్లెబెన్‌కు ప్రయాణమై పోయెను. సమాధానము కుదిరెను. ఫిబ్రవరి 18న తెల్లవారుజామున, తాను పుట్టిన ఊరిలోనే కన్నుమూసెను. రెండు దినముల ముందు ఆయన వ్రాసిన కాగితపు ముక్క యొకటి దొరికినది. గొల్లవాడుగాను రైతుగాను ఐదేండ్లు ఉండనివాడు వర్జిల్ కావ్యములను గ్రహింపజాలడనియు, ప్రవక్తలతో కూడ నూరేండ్లు సంఘములను నడిపించనివాడు పరిశుద్ధ లేఖనములను చాలినంత రుచిచూచితినని తలంపరాదనియు అందులో నుండెను. చివర, మనమందరము భిక్షకులమేయని తెలుపు చిన్న మాట. దేహమును విట్టెన్‌బర్గునకు తెచ్చి, ఫిబ్రవరి 22న కోట దేవాలయములో ప్రసంగ వేదిక దగ్గర సమాధి చేసిరి.